ముఖం కనిపిస్తే చేయి ఖాళీ: పాత యూరప్ అచ్చుబొమ్మల్లో పల్లె ఆడవాళ్లు

1570లో, ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో ‘వేసవి’ పేరుతో ఒక అచ్చుబొమ్మ అమ్మకానికి వచ్చింది. గీసినది పీటర్ బ్రూగెల్. అది అచ్చయ్యేనాటికి ఆయన చనిపోయాడు కూడా. పంటకోత దృశ్యం. ముందువైపు ఒక కూలివాడు కూజా ఎత్తి గటగటా తాగుతున్నాడు. చాపిన కాలూ, కొడవలి మొనా బొమ్మ అంచు దాటి కింద అక్షరాలున్న పట్టీ మీదికి వచ్చేశాయి. అదే బొమ్మలో తల మీద గంప పెట్టుకున్న ఆడమనిషి ఒకామె ఉంది. గంప నిండా కాయలూ కూరలూ. ఆ గంప ఎంత కిందికి దిగిందంటే ఆమెకు ముఖమే లేదు. మెడ మీద నేరుగా కూరగాయలు మొలిచినట్టు ఉంటుంది.

దీన్ని బ్రూగెల్ చమత్కారంగా తీసుకుని నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ 16వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి వరకు యూరప్‌లో అచ్చయిన పల్లె బొమ్మల్ని వరసపెట్టి చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఆడమనిషి నిజంగా పనిలో ఉంటే ముఖం కనిపించదు. బరువు కింద దాగిపోతుంది, లేదా నేలకేసి వంగిపోతుంది, లేదా ఆమె మనకి వీపు పెట్టి ఉంటుంది. ముఖం చక్కగా కనిపించిందంటే మాత్రం చేతిలో పని ఆగిపోయి ఉంటుంది; పనిముట్టు ఉన్నా అది అలంకారానికే. మినహాయింపులున్నాయి, వాటి సంగతీ చూద్దాం. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే చిత్రకారుడి మనసు కన్నా ముందు కొనేవాడి జేబు చూడాలి.

అచ్చుబొమ్మ అంటే సరుకు

రంగుల చిత్రం ఒకటే ఉంటుంది. రాజుగారో, చర్చో, డబ్బున్న వర్తకుడో గీయించుకుంటారు. అచ్చుబొమ్మ వ్యవహారం వేరు. చెక్క మీదో రాగి రేకు మీదో ఒకసారి చెక్కితే వందల కాపీలు తీయొచ్చు. చెక్క అచ్చులో గీత మిగిలి చుట్టూ ఉన్న చెక్క పోతుంది. రాగి రేకు మీద దీనికి ఉల్టా: గీతే గాడి, ఆ గాడిలో సిరా నిలుస్తుంది. ఎచింగ్‌లో ఉలి పని ఆమ్లం చేస్తుంది. ఏ పద్ధతైనా వచ్చేది ధర తక్కువ ఉండే కాగితం. సంతల్లో, పుస్తకాల దుకాణాల్లో అమ్ముడయ్యేది.

కొనేవాళ్లు ఎక్కువగా పట్నంవాళ్లు: వర్తకులు, ప్లీడర్లు, చదువుకున్నవాళ్లు, తోటి చిత్రకారులు. పల్లె ఇళ్లకు కూడా బొమ్మలు చేరేవి. కానీ మూటలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు తెచ్చేవి సాధువుల బొమ్మలు, పంచాంగాలు, దయ్యాల కథలు. గంప మోసే ఆవిడ గంప మోస్తున్న తన బొమ్మను కొనుక్కుని గోడకి తగిలించుకోలేదు. ఆ బొమ్మ ఆమె గురించినదే కానీ ఆమె కోసం చేసినది కాదు.

ఈ బొమ్మలు చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన చిన్న సంగతి ఇంకొకటి ఉంది. అచ్చు వేసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కాగితం మీద కుడిచేతిలో ఉన్న కొడవలి, అదే వైపుగా రేకు మీద చెక్కితే, అచ్చులో ఎడమచేతికి మారిపోతుంది. జాగ్రత్తపరుడైన చిత్రకారుడు ముందే తిరగేసి గీసేవాడు, తొందరపడేవాడు పట్టించుకునేవాడు కాదు. అందుకని ఏ బొమ్మలోనైనా ఆడవాళ్లందరూ ఎడమచేత్తో కోస్తూ కనిపిస్తే ఆ ఊరివాళ్లది ఎడమచేతి వాటం అనుకోనక్కర్లేదు.

బ్రూగెల్ ‘వేసవి’ని అచ్చువేసిన హీరోనిమస్ కాక్ 1570లోనే చనిపోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ అచ్చుశాలను నడిపింది ఆయన భార్య ఫోల్క్స్‌కెన్ డీరిక్స్. ఆమె పోయాక 1601లో రాసిన ఆస్తి జాబితాలో 1,600కు పైగా రాగి రేకులు తేలాయి. కళాచరిత్ర పుస్తకాల్లో భర్త పేరు ముందుంటుంది, ఆమె పేరు బ్రాకెట్‌లో ఉంటుంది. ముఖం లేని గంప మనిషి బొమ్మను దశాబ్దాలపాటు అమ్మించిన వ్యాపారం ఒక ఆడమనిషిదే.

నవ్వులాట సరుకు

మొదటి రోజుల్లో పల్లె ఆడమనిషి బొమ్మ ఎక్కువగా నవ్వించడానికి పనికొచ్చేది. 1510లో లూకాస్ వాన్ లైడెన్ అనే కుర్ర చిత్రకారుడు పాలు పితికే అమ్మాయిని రాగి రేకు మీద చెక్కాడు. బొమ్మ అరచేతికన్నా కొంచెం పెద్దది. నడిమధ్య చోటంతా ఆవుదే. ఒక పక్కన ఆనుకుని నిలబడ్డ కుర్రాడు, ఇంకో పక్కన పాత్ర పట్టుకున్న అమ్మాయి. పితకడం ఇంకా మొదలే కాలేదు. కుర్రాడి చూపు ఆవు మీద లేదని మాత్రం ఇట్టే తెలుస్తుంది. పాలమ్మాయి అంటే సరసానికి తేలిగ్గా దొరికే పిల్ల అన్న మాట ఆ రోజుల్లో పాటల్లో, సామెతల్లో బాగా నలిగింది. బొమ్మ కొన్నవాడికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

తెల్లారకముందే లేచి, చలికి చేతులు కొంకర్లు పోతుంటే రెండు పూటలా పితికి, వెన్న చిలికి, జున్ను కట్టి సంతకి మోసుకెళ్లేది ఎవరు? ఆ బొమ్మకి ఆ గొడవ లేదు. ఉత్తర యూరప్ పల్లెల్లో పాడి పని చాలామటుకు ఆడవాళ్ల చేతిలోనే ఉండేది. ఇంట్లోకి నాలుగు డబ్బులు వచ్చే దారుల్లో అదొకటి.

నాలుగేళ్ల తర్వాత, 1514లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ నాట్యమాడుతున్న రైతు దంపతుల్ని చెక్కాడు. భారీ శరీరాలు, మొరటు అడుగులు. పట్నంవాడు చూసి నవ్వుకోడానికి అన్నీ ఉన్నాయి. అయితే డ్యూరర్ కన్ను ఊరుకోదు. ఆవిడ నడుముకి తాళాల గుత్తీ, సంచీ వేలాడుతూ నాట్యం ఊపుకి ఎగురుతున్నాయి. ఆ గుత్తి నవ్వులాటది కాదు. గాదె, పెట్టె, కొట్టు ఎవరి అజమాయిషీలో ఉన్నాయో అది చెబుతోంది. నవ్వించబోయిన బొమ్మలోకి నిజం ఇలా పనిముట్ల గుండా, వస్తువుల గుండా దొంగతనంగా దూరుతుంది. ముఖాలు కొనేవాడి ఇష్టానికి మారతాయి. వస్తువుల్ని మార్చడానికి చిత్రకారుడికి పెద్ద కారణం ఉండదు, అందుకే వాటిని నమ్మొచ్చు.

1524-25లో జర్మన్ రైతులు తిరగబడ్డారు. తిరుగుబాటును రక్తపాతంతో అణిచేశారు. ఆ కాలంలోనే న్యూరెంబర్గ్‌కి చెందిన బెహామ్ సోదరులు, సెబాల్డ్, బార్తెల్, రైతుల బొమ్మలకి పేరు తెచ్చుకున్నారు. మత విశ్వాసాల విషయంలో ధిక్కరించారని 1525లో వీళ్లని ఊరి నుంచి కొంతకాలం వెళ్లగొట్టారు కూడా. బార్తెల్ చేసిన చెక్క అచ్చు ఒకటి, దాదాపు 1524 నాటిది, వడికే గదిని చూపిస్తుంది. చలికాలం రాత్రుళ్లు దీపపు నూనె, పొయ్యిలో కట్టెలు కలిసొస్తాయని ఊరి ఆడవాళ్లందరూ ఒక ఇంట్లో చేరి అవిసె నార వడికేవాళ్లు. కబుర్లు, కథలు, పాటలు అన్నీ అక్కడే. పెళ్లికాని కుర్రాళ్లు కూడా చేరేవాళ్లు. ఇది పాలకులకీ, చర్చి పెద్దలకీ కంటగింపు. జర్మన్ ప్రాంతాల్లో ఈ గదుల మీద నిషేధాలు పెట్టారు, జనం ఖాతరు చెయ్యలేదు, మళ్లీ నిషేధాలు పెట్టారు. బార్తెల్ బొమ్మలో గదంతా తోపులాట, పెనుగులాట, సరసం. నూలు వడకడం మాత్రం పెద్దగా జరుగుతున్నట్టు లేదు.

ఒక నేతగాడి మగ్గం ఆగకుండా ఆడాలంటే చాలామంది వడికేవాళ్లు కావాలి. యూరప్ వస్త్ర వ్యాపారమంతా ఆ కదుళ్ల మీద నిలబడింది. గంటల తరబడి వేళ్ల మధ్య నార తడుపుతూ, లాగుతూ, మెలిపెడుతూ చేసే పని అది. అంత పెద్ద పని ఐదొందల ఏళ్ల కిందటి కాగితం మీద అల్లరి గదిగా మిగిలింది. బొమ్మ అబద్ధం చెప్పిందనలేం. రాత్రంతా జరిగిన దాంట్లోంచి పట్నంవాడికి నచ్చే పది నిమిషాలు ఏరుకుంది, అంతే.

ఒక ఆడమనిషి చెక్కితే

17వ శతాబ్దంలో హాలండ్ అచ్చుబొమ్మల సంత అయింది. హార్లెమ్‌లో ఆడ్రియన్ వాన్ ఓస్టాడే దాదాపు 50 ఎచింగులు చేశాడు, అందులో చాలావరకు పల్లె బతుకులే. 1652 నాటి ఒకదాంట్లో ఇంటి ముందు కూర్చుని వడుకుతున్న ఆడమనిషి ఉంది. వడకడం ఇక్కడ మన లెక్కకి ఒక మినహాయింపు. చేతికి అలవాటైపోతే తల ఎత్తి వీధి చూస్తూ, పిల్లల్ని కేకలేస్తూ కూడా వడకొచ్చు. అందుకే చిత్రకారులకి వడికే మనిషంటే ఇష్టం: పనీ దొరుకుతుంది, ముఖమూ దొరుకుతుంది.

దాదాపు అదే కాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో గీర్ట్రౌట్ రోగ్మన్ అనే ఆమె ఐదు బొమ్మల వరస ఒకటి చేసింది. 1625లో పుట్టిన ఆమెది చిత్రకారుల కుటుంబం. గీసిందీ ఆమే, రేకు మీద చెక్కిందీ ఆమే. అప్పట్లో ఈ రెండూ ఒక ఆడమనిషి చేయడం అరుదు. కుట్టడం, బట్టకి కుచ్చిళ్లు పెట్టడం, వడకడం, వండటం, పాత్రలు తోమడం, ఇవీ ఆ ఐదు. ఇవి పట్నపు ఇళ్ల లోపలి పనులే, పొలం పనులు కావు. అయినా ఇక్కడ చెప్పుకోకుండా ముందుకు పోతే మిగతా కథ సగమే అర్థమవుతుంది.

పాత్రలు తోముతున్న ఆమె బొమ్మ చూడండి. ఆమె మనకి పూర్తిగా వీపు పెట్టింది. తలగుడ్డ, వంగిన భుజాలు, బరువుగా కిందికి జారిన పావడా మడతలు, చుట్టూ పాత్రలు. ముఖం రవ్వంత కూడా లేదు. ఆ కాలపు మగ చిత్రకారుల డచ్ బొమ్మల్లో పనిమనిషి ఒళ్లెరగని నిద్రలోనో, ఎవరి మాటలనో చాటుగా వింటూనో, ఎవడో ఒకడు సరసమాడుతుంటే నవ్వుతూనో తరచూ కనిపిస్తుంది. రోగ్మన్ బొమ్మలో ఆ వేషాలేం లేవు. తోముతున్న మనిషికి వెనక ఎవరు నిలబడి చూస్తున్నారో పట్టించుకునే తీరిక లేదు. బ్రూగెల్ గంప మనిషికి ముఖం లేకపోవడం చూసి నవ్వొస్తుంది. ఈమె విషయంలో నవ్వు రాదు. చూసేవాడి చూపు నుంచి తప్పించుకునే హక్కు లాంటిదేదో రోగ్మన్ ఆమెకి ఇచ్చింది.

ఫ్రాన్స్ తూర్పున లొరేన్ ప్రాంతానికి చెందిన జాక్ కాలో 1633లో యుద్ధపు బాధల మీద చేసిన ఎచింగుల వరసలో రైతు ఇల్లు దోచుకుంటున్న సైనికుల బొమ్మ ఉంది. అక్కడ ఆడవాళ్లు పనిలో లేరు, పరిగెడుతున్నారు, దొరికిపోతున్నారు. చీమంత మనుషులు. భూతద్దం లేకుండా ఆ ఘోరం తెలియదు. పని బొమ్మల వరసలో ఇది ఇమడదు గానీ, పల్లె అంటే పచ్చదనం అనుకుని ఈ బొమ్మలు కొన్న ఇళ్ల గోడల మీదకి ఇది కూడా వెళ్లిందన్నది మర్చిపోకూడదు.

కొడవలి ఎవరి చేతిలో

పొలం పని బొమ్మల్లో చూడాల్సిన మొదటి వస్తువు కొడవలి. వంకర కొడవలి చిన్నది. వంగి, గుప్పెడు దంట్లు పట్టుకుని కోయాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ కోసేవాళ్లు. సైథ్ అనే పొడుగు పిడి కొడవలి వేరే జాతి. నిలబడి రెండు చేతులతో ఊపి కోయాలి, బరువెక్కువ, వేగమెక్కువ. అది మగవాళ్ల పనిముట్టుగా స్థిరపడింది. మొదట్లో దాంతో గడ్డే ఎక్కువగా కోసేవాళ్లు. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం చివర నుంచి 19వ శతాబ్దంలోకి వచ్చేసరికి గోధుమ పొలాల్లోకి కూడా అది దిగింది. దాంతో ఆడవాళ్లు కోత నుంచి వెనక్కి జరిగారు: కోసినది పోగు చేయడం, పనలు కట్టడం, పరిగె (కోత అయ్యాక పొలంలో రాలి మిగిలిన కంకులు) ఏరడం వాళ్ల వంతుకి వచ్చింది. కోతకిచ్చే కూలి వేరు, పోగు చేయడానికిచ్చే కూలి వేరు. ఆడకూలి అప్పటికే చాలాచోట్ల మగకూలిలో సగం దగ్గర తచ్చాడుతోంది.

జార్జ్ స్టబ్స్ అనగానే గుర్రాల బొమ్మలు గుర్తొస్తాయి. ఆయన 1785లో గీసిన ‘ఎండుగడ్డి పోగుచేసేవాళ్లు’, ‘కోతగాళ్లు’ చిత్రాలను 1791లో తానే అచ్చుబొమ్మలుగా తెచ్చాడు. పనిముట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. దంతెల పొడవు, కొడవలి వంకర, పన కట్టు, వేటికీ వంక పెట్టలేం. కానీ బట్టలు? గడ్డి దుమ్ములో రోజంతా ఉన్న ఆడవాళ్లకి మచ్చలేని గౌన్లు, రిబ్బన్ల టోపీలు. గడ్డి చిత్రంలో నడిమధ్యన ఒకామె దంతె నిలబెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని సూటిగా మనవైపు చూస్తోంది. ముఖం కనిపించింది కాబట్టి పని ఆగింది. కోత చిత్రంలో గుర్రం మీద ఒక పెద్దమనిషి కూలీల్ని చూస్తున్నాడు. బొమ్మ కొన్న భూస్వామి తనని తాను ఏ చోట చూసుకుని ఉంటాడో చెప్పడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు.

ఈ బొమ్మలకి మూడేళ్ల ముందు, 1788లో, ఇంగ్లండ్ కోర్టు ఒకటి పరిగె ఏరుకోవడం మీద తీర్పిచ్చింది. సఫోక్‌లోని టిమ్‌వర్త్ అనే ఊళ్లో మేరీ హౌటన్ అనే ఆమె కోత అయిన పొలంలో పరిగె ఏరుకుంది. భూమి యజమాని దావా వేశాడు. పరిగె ఏరుకోవడం పేదల హక్కుగా చట్టంలో ఎక్కడా లేదని కోర్టు తేల్చేసింది. బైబిల్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అన్న వాదన నిలవలేదు. తీర్పు వచ్చినా చాలా ఊళ్లలో ఏరుకోవడం ఆగలేదనుకోండి. పొద్దున గంట కొడితే మొదలుపెట్టి సాయంత్రం గంటకి ఆపే పద్ధతి తర్వాత కూడా నడిచింది. విచిత్రమేమంటే, సరిగ్గా ఈ కాలంలోనే పరిగె ఏరుకునే ఎర్రబుగ్గల సుందరాంగుల అచ్చుబొమ్మలు లండన్ దుకాణాల్లో జోరుగా అమ్ముడయ్యాయి. హక్కు పోతున్న కొద్దీ బొమ్మ అందంగా తయారైంది.

వీటికి విరుగుడు లాంటిది 1814లో వచ్చిన ఒక పుస్తకం. ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్ దగ్గరి సంపన్న కుటుంబానికి చెందిన జార్జ్ వాకర్ యార్క్‌షైర్ జనం వేషధారణ మీద 40 బొమ్మలు గీశాడు. రాబర్ట్ హావెల్ వాటిని ఆక్వాటింట్‌గా, అంటే గీతలతో పాటు నీటిరంగుల్లాంటి ఛాయలు కూడా వచ్చే ఒక రకం ఎచింగ్‌గా, రేకుల మీదికి ఎక్కించాడు. రాత ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ ఉంది. పేరుకి వేషధారణ పుస్తకమే అయినా, ఇది నిజానికి పనుల పట్టిక. వాకర్ దగ్గర జాలి లేదు, కవిత్వం లేదు, కుతూహలం మాత్రం కావలసినంత ఉంది. ఓట్ రొట్టెలు చేస్తున్న ఆమె, పైరులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు, నడుస్తూ కూడా మేజోళ్లు అల్లుతున్న వెన్స్‌లీడేల్ జనం.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేది జలగలు పట్టేవాళ్ల బొమ్మ. వీళ్లు ఆడవాళ్లే, ఎక్కువమంది స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లని పక్కన రాశాడు. పావడా పైకి దోపి, ఒట్టికాళ్లతో మడుగులోకి దిగుతారు. కాళ్లతో అడుగున బురద కెలుకుతారు. కదిలిన జలగలు వచ్చి పిక్కలకి పట్టుకుంటాయి. వాటిని పీకి నడుముకి కట్టుకున్న చిన్న నీళ్ల పీపాలో వేసుకుంటారు. రోగులకి నెత్తురు తీయించడం వైద్యంగా చెలామణీ అయిన రోజులు. ఆ జలగలు డాక్టర్లకీ మందుల షాపులకీ అమ్ముడయ్యేవి. అంటే పట్నపు రోగి నెత్తురు తాగే ముందు ఆ జలగ పల్లె ఆడమనిషి నెత్తురు రుచి చూసింది. వాకర్ ఈ మాట అనలేదు. పనిముట్టుని చూపించినంత మామూలుగా ఆమె కాళ్లని చూపించి ఊరుకున్నాడు. ఇక్కడ పనిముట్టు కాలే మరి.

ఇలాంటి పుస్తకాలకి రంగులు చేత్తో వేసేవాళ్లు. యూరప్ అచ్చుశాలల్లో ఆ రంగుల పని చాలాచోట్ల ఆడవాళ్లూ పిల్లలూ తక్కువ కూలికి చేసేవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసి పక్కవాళ్లకి అందించడం. వాకర్ 40 బొమ్మల్లో వాళ్ల బొమ్మ లేదు.

నేలకేసి వంగిన వీపులు

జాన్ ఫ్రాన్స్వా మిలే నార్మండీ రైతు కుటుంబంలో 1814లో పుట్టాడు. పొలం పని తెలిసిన చేతులు ఆయనవి. 1853లో ‘ఇల్లుస్త్రసియోఁ’ పత్రికలో ఆయన గీసిన పది పొలం పనుల బొమ్మలు వచ్చాయి. అడ్రియన్ లావియే వాటిని చెక్క అచ్చుగా చెక్కాడు. గడ్డి పోగుచేసే ఆమె, అవిసె కాడలు చితక్కొట్టే ఆమె, వడికే ఆమె. ఒక్కో మనిషి ఒక్కో పనితో ఒంటరిగా ఉంటుంది. నేపథ్యం దాదాపు ఉండదు. 1889లో చిత్రకారుడు వాన్ గోహ్ ఆసుపత్రిలో ఉండి, మోడళ్లు దొరక్క, ఈ నలుపు తెలుపు బొమ్మల్ని ముందు పెట్టుకుని రంగుల్లో తిరిగి గీశాడు.

మిలే 1855-56 ప్రాంతంలో సొంతంగా ఎచింగులు చేశాడు. వెన్న చిలికే ఆమె, ఉన్ని ఏకే ఆమె, కుట్టుకునే ఆమె. పరిగె ఏరుకునే ముగ్గురు కూడా ముందు ఎచింగ్‌లోనే వచ్చారు. అందరికీ తెలిసిన రంగుల చిత్రం 1857 నాటిది. ఫ్రాన్స్‌లో పరిగె హక్కు ఇంగ్లండ్‌లోలా కొట్టుకుపోలేదు. 1554 నాటి రాజాజ్ఞ ముసలివాళ్లకీ, పిల్లలకీ, పని చేయలేనివాళ్లకీ ఏరుకునే వీలు ఇచ్చింది. పంట ఎత్తేశాకే ఏరుకోవాలి, పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే లోపే ఏరుకోవాలన్నది నియమం. అంటే ఆ ముగ్గురూ దొంగలు కాదు, వాళ్లకి హక్కుంది. ఆ హక్కు మాత్రం నడుం విరిగే హక్కు.

ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పనిలోని మూడు దశలు. ఒకామె వేళ్లు నేలను తాకుతున్నాయి. రెండో ఆమె ఒక చెయ్యి వెనక్కి నడుం మీద పెట్టుకుని, ఏరిన కంకులు ఆ చేతిలోనే పట్టుకుంది. నడుము నొప్పికి ఆసరా అది, కంకులకి చోటూ అదే. మూడో ఆమె సగం లేచింది, లేదా సగం వంగుతోంది. ముఖాలు నీడలో ఉన్నాయి. చూసేవాళ్ల కోసం ఎవరూ తల ఎత్తరు. వెనక ఎండలో భూస్వామి గడ్డివాములు, బండ్లు, గుర్రం మీద ఒక మేస్త్రీ. స్టబ్స్ గుర్రపు మనిషి ఇక్కడ వేలెడంత అయిపోయాడు. వంగిన ఆడవాళ్లు కొండల్లా పెరిగారు. 1857లో పారిస్ ప్రదర్శనలో దీన్ని చూసి కొందరు విమర్శకులకి టెన్షన్ పట్టుకుంది. ఫ్రాన్స్‌లో రాజుని దించేసిన 1848 విప్లవం అయి పదేళ్లు కాలేదు. ఈ వంగినవాళ్లు లేచి నిలబడితే ఏమవుతుందన్న భయం వాళ్ల రాతల్లో తెలిసిపోతుంది. రెండేళ్లకి జూల్ బ్రెతోన్ అదే పరిగె ఏరేవాళ్లని పని అయ్యాక ఇంటికి వెళుతూ, నిటారుగా, సాయంత్రపు వెలుగులో రాణుల్లా గీశాడు. దాన్ని చక్రవర్తి మూడో నెపోలియన్ కొన్నాడు. ముఖాలు కనిపిస్తాయి మరి.

వార్తాపత్రిక దాకా వచ్చాక

1842లో బ్రిటన్ పార్లమెంటు ముందుకి బొగ్గు గనుల్లో పిల్లల పని మీద ఒక కమిషన్ నివేదిక వచ్చింది. సర్కారు నివేదికల్లో బొమ్మలు వేయడం అప్పటికి మామూలు కాదు. ఇందులో వేశారు. ఇరుకు సొరంగంలో నడుముకి పట్టీ, కాళ్ల మధ్య గొలుసు కట్టుకుని, నాలుగు కాళ్ల మీద పాకుతూ బొగ్గు బండి లాగే ఆడపిల్ల. స్కాట్లండ్ గనుల్లో వీపు మీద బొగ్గు గంపతో మెట్లెక్కే ఆడవాళ్లు. గనులు పల్లెల పక్కనే ఉండేవి, వీళ్లు పల్లెవాళ్లే. హాలిఫాక్స్ ప్రాంతంలో 17 ఏళ్ల పేషెన్స్ కెర్షా ఇచ్చిన వాంగ్మూలంలో, బొగ్గు తొట్లను తలతో నెట్టీ నెట్టీ నడినెత్తిన జుట్టు ఊడిపోయిందని ఉంది. ఈ నివేదిక దుమారం లేపింది. అదే ఏడాది ఆగస్టులో చట్టం వచ్చింది: ఆడవాళ్లెవరూ, పదేళ్లలోపు మగపిల్లలెవరూ భూగర్భంలో పని చేయకూడదు.

బొమ్మ చట్టం తెచ్చిందని సంబరపడే ముందు ఇంకొకటి చూడాలి. లండన్ మధ్యతరగతి ఇళ్లని కుదిపేసింది ఆ పిల్లల అలసటతో పాటు, అంతకన్నా కూడా, ఒంటి మీద సరిగ్గా బట్టల్లేకుండా మగవాళ్ల మధ్య పనిచేస్తున్నారన్న సంగతి. చట్టం వాళ్లని గని నుంచి బయటికి తెచ్చింది, పోయిన కూలికి బదులేమీ చూపలేదు. కొన్నిచోట్ల ఆడవాళ్లు మగవేషం వేసుకుని మళ్లీ గనిలోకి దిగారు.

అదే 1842లో లండన్‌లో బొమ్మల వారపత్రిక ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ మొదలైంది. గట్టి చెక్క దిమ్మెలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కని ఒక్కో చెక్కేవాడికిచ్చి, మళ్లీ బిగించి అచ్చు వేసేవాళ్లు. వేగం కోసం ఆ ఏర్పాటు. ఐర్లండ్ కరువు బొమ్మలు ఇందులోనే వచ్చాయి. 1849 డిసెంబర్ 22 సంచికలో బ్రిజెట్ ఓడోనెల్ అనే ఆమె, ఇద్దరు పిల్లలు. చింకి గుడ్డలు, ఎముకలు తేలిన ముఖాలు, ఒట్టి కాళ్లు. ఈ మొత్తం వరసలో బొమ్మతో పాటు పేరుతో, తన సొంత మాటతో అచ్చయిన పల్లె ఆడమనిషి ఆమె. భర్త కౌలుకి చేసింది నాలుగున్నర ఎకరాల పొలం, మూడెకరాల బురద నేల. ఏడాదికి 7 పౌండ్ల 4 షిల్లింగుల శిస్తు. బాకీ పడ్డారు. ఆమె నిండు గర్భిణి, జ్వరంతో ఉంది. ఇల్లు కూల్చడానికి మనుషులొచ్చారు. సగం కూల్చాక ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు ఆమెని మోసుకుని బయటికి తెచ్చారు. బిడ్డ చనిపోయి పుట్టింది. పదమూడేళ్ల కొడుకు ఆకలికి పోయాడు. ఇంతా ఆమె చెప్పుకున్నదే.

ముఖం కనిపిస్తే చేయి ఖాళీ అన్న లెక్క ఇక్కడా తప్పలేదు, కాకపోతే అర్థం మారింది. ఆమె చేతిలో కొడవలి లేదు, కదురు లేదు, గంప లేదు. పొలమే పోయింది.

జర్మన్ చిత్రకారిణి కేటె కోల్‌విట్స్ ఆ లెక్కని తెలిసే తిరగరాసినట్టుంటుంది. 1525 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు మీద ఆమె 1902 నుంచి 1908 దాకా కష్టపడి ఏడు ఎచింగుల వరస చేసింది. ‘తిరుగుబాటు’ బొమ్మలో నల్ల అన్నా అనే రైతు స్త్రీ రెండు చేతులూ పైకెత్తి జనాన్ని ఉసిగొల్పుతోంది. ఆమె మనకి వీపు పెట్టే ఉంది, రోగ్మన్ పాత్రలు తోమే మనిషిలాగే, కానీ ఈసారి ఆమె ముందు ఊరు మొత్తం పరిగెడుతోంది. ఇంకో బొమ్మ, 1905 నాటిది, సైథ్‌కి పదును పెడుతున్న ఆడమనిషి. చాలా దగ్గర నుంచి గీసింది. సగం మూసిన కళ్లు, బండబారిన పెద్ద చేతులు, వాటి మధ్య ఇనుప అలుగు, మూడూ ఒకే చట్రంలో ఉన్నాయి. మగవాళ్లదని స్థిరపడిన ఆ పొడుగు కొడవలి ఇక్కడ ఆమె చేతిలో ఉంది, అదీ పంట కోయడానికి కాదు. ఈ ఏడు బొమ్మల్నీ 1908లో ఒక జర్మన్ కళాసంఘం తన సభ్యులకి పంచింది. ఆ సభ్యులు కూడా చందా కట్టగలిగిన పట్నంవాళ్లే.